పెట్టెలోని కాగితాలు, కచేరీలోని కాగితాలు

మన పాత ఇళ్ళలో మంచం క్రింద ఒక రేకు పెట్టె ఉండేది. పైన పెళ్ళిచీర, దాని క్రింద ఇత్తడి కుంది, అన్నిటికంటె అడుగున గుడ్డలో చుట్టిన కాగితాల కట్ట. తాళంచెవి అవ్వ కొంగున ముడివేసి ఉండేది. చీరను నలిపితే అవ్వ కసిరి ఊరుకొనేది. కాగితాల కట్టను కదిపితే మాత్రం వీపుమీద దెబ్బ పడేది. అవ్వకు చదువు రాదు, తాతకూ రాదు. చదవడం రానివారు కాగితాన్ని అంత భద్రంగా ఎందుకు దాచారనే ప్రశ్న మాకు చిన్నప్పుడు తట్టలేదు. బడిపంతులుగా ముప్పై ఏళ్ళు కాగితాలమధ్య గడిపిన తరువాత తట్టింది.

ఆ పెట్టె కాగితాలకు జోడుగా మరికొన్ని కాగితాలు ఉన్నాయి. అవి పీటర్‌మారిట్స్‌బర్గ్, డర్బన్ నగరాల ప్రభుత్వ పత్ర భాండాగారాల్లో ఉన్నాయి. కొన్నిటి నకళ్ళు వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని గాంధీ-లుతూలీ పత్రాల కేంద్రంలో కూడా ఉన్నాయి. పెట్టె కాగితం మన పెద్దల చేతిలో ఉన్నది. కచేరీ కాగితం మన పెద్దలను గురించి ఇతరులు వ్రాసుకొన్నది. ఒకటి లేకుండా మరొకటి సగమే మాట్లాడుతుంది. ఈ రెండిటినీ ఎలా చదవాలో, చదివేటప్పుడు మనకు తెలుగు ఎందుకు అవసరమో మాకు తోచినంతవరకు ఇక్కడ చెప్పదలచాం.

మన పాఠకులకు తెలిసిన చరిత్రే అయినా ముందుగా రెండు అంకెలు గుర్తు చేస్తాం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసునుంచి 342 మందితో డర్బన్ చేరింది. 1911లో వలస ఆగేనాటికి 1,52,184 మంది ఒప్పందపు కూలీలు నేటాల్‌కు వచ్చారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతులమంది మద్రాసు రేవున ఎక్కినవారే. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. దాన్ని కలోనియల్ నంబరు అనేవారు. ఆ నంబరు మనిషిని జీవితాంతం వెంటాడింది. తోటలో జీతాల పుస్తకంలో అదే, ఒప్పందం తీరినప్పుడు ఇచ్చిన విడుదల పత్రంలో అదే, పెళ్ళి నమోదులో అదే, చావు నమోదులో అదే. పిల్లలు పుడితే వారి జనన పత్రంలో తల్లిదండ్రుల నంబర్లు వ్రాశారు. పేరును నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా వ్రాసినా నంబరు మాత్రం మారదు. కాబట్టి పాత కాగితం ఏది దొరికినా పేరుకంటె ముందు నంబరును వేరే పుస్తకంలో ఎక్కించుకోవాలి. సిరా వెలిసిపోతోంది. పేరులో ఒక అక్షరం పోయినా ఊహించవచ్చు, నంబరులో ఒక అంకె పోతే ఊహించలేం.

ఇప్పుడు అవ్వ పెట్టె దగ్గరకు వద్దాం. ఆమె కాగితాలు దాచడానికి కారణం చట్టంలో ఉంది. కూలీకి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం, తరువాత ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెరుగుదల. 5 ఏళ్ళు పూర్తయితే విడుదల పత్రం చేతికి వచ్చేది. తోట దాటి రోడ్డుమీద నడిచే మనిషిని పోలీసు ఆపితే, తాను పారిపోయిన కూలీ కాడని చెప్పడానికి ఆ పత్రమే సాక్షి. ఆపైన 1895లో చేసిన చట్టం ఒకటి వచ్చింది. దాని ప్రకారం ఒప్పందం తీరాక ఇండియాకు తిరిగి వెళ్ళకుండా, మళ్ళీ ఒప్పందంలో చేరకుండా, ఇక్కడే స్వేచ్ఛగా ఉండదలచినవారు ఏటా 3 పౌన్లు కట్టాలి. 3 పౌన్లు అంటే 60 షిల్లింగులు. మొదటి ఏడాది జీతం లెక్కన ఆరు నెలల కష్టం. మగవారికే కాదు, ఆడవారికీ ఈ పన్ను పడింది. తరువాత 16 ఏళ్ళు దాటిన మగపిల్లలకు, 13 ఏళ్ళు దాటిన ఆడపిల్లలకు కూడా వేశారు. ఈ పన్ను రసీదు లేని ఇంటికి పోలీసు వచ్చేవాడు. రసీదు ఉన్న ఇంట్లో దాన్ని పసుపు కుంకుమల ప్రక్కన పెట్టుకొన్నారంటే ఆశ్చర్యం ఏముంది!

పెళ్ళి కాగితం సంగతి ఇంకా బాధాకరం. మనవారు పందిరి వేసి, తాళి కట్టి, బంధువుల ఎదుట చేసుకొన్న పెళ్ళి ఆ కచేరీ దృష్టిలో పెళ్ళి కాదు. ప్రొటెక్టరు, అంటే వలస కూలీల రక్షకుడనే పేరుగల అధికారి, తన పుస్తకంలో నమోదు చేస్తేనే అది పెళ్ళి. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సర్ల్ ఇచ్చిన తీర్పుతో, క్రైస్తవ పద్ధతిలో జరగని, చట్టప్రకారం నమోదు కాని పెళ్ళిళ్ళన్నీ చెల్లకుండా పోయే ప్రమాదం వచ్చింది. ఆ ఏడాది సత్యాగ్రహంలో ఆడవారు జైళ్ళకు వెళ్ళడానికి ఈ తీర్పు ఒక ముఖ్య కారణం. 1914లో వచ్చిన రిలీఫు చట్టం 3 పౌన్ల పన్నును రద్దు చేసింది, మన పెళ్ళిళ్ళకు కొంత గుర్తింపు ఇచ్చింది, వ్రేలిముద్రగల నివాస ధ్రువపత్రాన్ని సాక్ష్యంగా అంగీకరించింది. ఆ మూడూ కాగితం సంగతులే. అక్షరం తెలియని మన అవ్వలు కాగితం విలువను మనకంటె బాగా ఎరిగినవారు.

ఆ విలువ పోయింది మన కాలంలోనే. పన్ను పోయాక రసీదు ఎందుకన్నారు. గ్రూప్ ఏరియాస్ చట్టం 1950లో వచ్చాక కేటో మేనర్, మేవిల్ వంటి చోట్లనుంచి మనవారిని చాట్స్‌వర్త్‌కూ, ఇతర పేటలకూ తరలించారు. సామాను లారీల్లోకి ఎక్కించేటప్పుడు చిన్న ఇంటికి పెద్ద పెట్టె ఎందుకన్నారు. మా ఇంటి పెట్టె అప్పుడే పోయిందని మా తండ్రిగారు చెప్పేవారు. మేము చిన్నప్పుడు దెబ్బలు తిన్నది మా అమ్మమ్మగారి ఇంటి పెట్టె దగ్గర. దానిలోని కట్ట సగం మిగిలింది. మాకున్న ఆధారమంతా ఆ సగమే.

ఇక కచేరీ కాగితాలు. వీటిలో అందరూ ముందుగా వెతికేది ఓడ పట్టికలను. మద్రాసులో ఓడ ఎక్కించేముందు ఈ పట్టిక తయారయ్యేది. దానిలో నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా లేక ఠాణా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు వరుసగా గడుల్లో ఉంటాయి. ప్రొఫెసరు సురేంద్ర భాణా 1902 వరకు వచ్చిన 95,382 మంది వివరాలను ఈ పట్టికలనుంచి కంప్యూటరుకు ఎక్కించి, 1991లో ఒక పుస్తకం ప్రచురించారు. అంత శ్రమ చేసినవారికి మనం ఋణపడి ఉన్నాం. అయితే అంకెల లెక్క వేరు, తన తాతను వెతుక్కోవడం వేరు. తాతను వెతికేవాడు మొదటి పేజీలోనే చిక్కుకుపోతాడు. ఎందుకంటే అక్కడ ఉన్నది తాత పేరు కాదు, తాత చెప్పిన పేరు గుమాస్తా చెవికి వినిపించిన తీరు.

ఈ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. మద్రాసు గుమాస్తాలు దేశభాషల ధ్వనులను ఇంగ్లీషులో వ్రాయడానికి కొన్ని పద్ధతులు పెట్టుకొన్నారు. మన 'చ్చ' ధ్వనికి టి, సి, హెచ్ అనే మూడక్షరాలు వాడారు. 'ఉ'కారానికి రెండు ఓలు, 'ఇ'కారానికి రెండు ఈలు. ఇది తెలియని మన పిల్లలు ఇంటిలో ఉన్న పేరునే ఇంగ్లీషువాడిలా పలుకుతున్నారు. నాయుడు అనే మాట చివర రెండు ఓలు చూసి 'డూ' అని సాగదీస్తారు. అచ్చమ్మ పేరును 'అట్‌చమ్మ' అంటారు. టి అక్షరాన్ని పలకనక్కరలేదని వారికి ఎవరూ చెప్పలేదు.

లక్ష్మి పేరు చూడండి. పట్టికలో ఎల్, ఎ, టి, సి, హెచ్, ఎమ్, ఐ అని కనబడుతుంది. మా తెలుగు బడిలో ఒక విద్యార్థిని దాన్ని చూసి, గుమాస్తా మా ముత్తవ్వ పేరు పాడుచేశాడని కోపగించింది. మేము కూడా మొదట అలాగే అనుకొన్నాం. కాని పైన చెప్పిన పద్ధతిలో చదివితే అది 'లచ్చిమి'. మన ముత్తవ్వలు తమను తాము పిలుచుకొన్న పేరు అదే. 'లక్ష్మి' మనం పుస్తకంలో నేర్చుకొన్నది. ఆ గుమాస్తా ఉన్నది ఉన్నట్లు విన్నాడు. నూరేళ్ళకు పైబడిన కాగితంలో మన అవ్వ గొంతు కాస్త మిగిలింది. దాన్ని మనం తప్పు అని దిద్దబోయాం. ఎర్ర సిరాతో దిద్దడం మా వృత్తి కాబట్టి ఈ పొరపాటు మాకు మరీ సులభం.

పేరును పట్టి ఊరి దిక్కు కూడా కొంత తెలుస్తుంది. అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలమ్మ, సింహాద్రి అనే పేర్లు సింహాచలం కొండమీది అప్పన్న పేరుమీద పెట్టినవి. పైడయ్య, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి గుర్తుకు రావాలి. నూకమ్మ, నూకరాజు అంటే అనకాపల్లి నూకాంబిక. ఇటువంటి పేర్లు చూస్తే ఉత్తరాంధ్ర మనుషులని చాలావరకు అనుకోవచ్చు. మునెమ్మ, మునెయ్య వంటివి దక్షిణాన చిత్తూరువైపు ఎక్కువ. ఇది ఊహ మాత్రమే, రుజువు కాదు. కాని గ్రామం గడిలోని అక్షరాలు అర్థం కానప్పుడు ఏ దిక్కున వెతకాలో పేరు చెబుతుంది.

పట్టికలో లేని గడి ఒకటి ఉంది. ఇంటిపేరుకు గడి లేదు. మన ఊళ్ళలో మనిషి పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది. ఎవరింటివాడవంటే దాన్నే చెబుతారు. సంబంధాలు కలుపుకొనేటప్పుడు దాన్నే చూస్తారు. తెల్లదొర కాగితంలో దానికి చోటు లేదు కాబట్టి మద్రాసు రేవులోనే అది రాలిపోయింది. ఇక్కడ పిల్లలు పుట్టినప్పుడు కుటుంబ నామం ఏమిటని అడిగితే తండ్రి పేరు చెప్పారు. అందుకే ఒకే తాతకు పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల సంతానం నేడు రెండు వేరు వేరు కుటుంబ నామాలతో, ఒకే వీధిలో, ఒకరికొకరు ఏమీ కానట్లు బ్రతుకుతున్న సందర్భాలు ఉన్నాయి. కొన్ని ఇళ్ళలో ఇంటిపేరు పెళ్ళి సమయాన పురోహితుడు గోత్రంతోపాటు అడిగినప్పుడు మాత్రం బయటికి వస్తుంది. మీ ఇంట్లో అది ఇంకా గుర్తున్నవారు ఉంటే ఈ సంచిక మూసేలోగా వ్రాసిపెట్టుకోండి. అది ఏ భాండాగారంలోనూ లేదు.

ఊళ్ళ పేర్లకు కూడా తాళంచెవి కావాలి. పట్టికలో కోకనాడ అంటే కాకినాడ. చికాకోల్ అంటే శ్రీకాకుళం. ఎల్లోర్ అంటే ఏలూరు. మసూలిపటం అంటే మచిలీపట్నం. బిమ్లిపటం అంటే భీమునిపట్నం. ఇవి తేలికే. జిల్లా సరిహద్దులు మారడంవల్ల వచ్చే చిక్కు అంతకంటె పెద్దది. పట్టికలో 'నార్త్ ఆర్కాట్' అని ఉంటే, ఓహో మావాళ్ళు తమిళులు కాబోలు అనుకొని వెనుదిరిగిన కుటుంబాలను మేము ఎరుగుదుం. ఆ రోజుల్లో చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. చిత్తూరే ఆ జిల్లాకు ముఖ్యపట్టణం. చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడింది 1911లో, అంటే నేటాల్‌కు చివరి ఓడ వచ్చిన ఏడాదిలోనే. అలాగే 'గంజాం' అని ఉంటే అది నేటి ఒడిశా అనుకోకండి. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమయ్యేవరకు శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలో ఉండేది. గ్రామం పేరు కొత్తపల్లి, కొత్తూరు వంటిదైతే తాలూకా గడి చూడకుండా అడుగు వేయకూడదు. అటువంటి ఊళ్ళు తెలుగుదేశంలో లెక్కకు మించి ఉన్నాయి.

కులం గడిని గురించి ఒక్క మాట. దాన్ని చూసి కొందరు పొంగిపోతారు, కొందరు కాగితం మడిచి జేబులో పెట్టుకొంటారు. రెండూ అనవసరం. రేవులో అడిగినవాడు తొందరలో ఉన్నాడు, చెప్పినవాడు భయంలో ఉన్నాడు. వృత్తి పేరు, గౌరవ వాచకం, కులం పేరు అన్నీ ఆ గడిలోనే కలగాపులగంగా పడ్డాయి. ఆ గడిని చూసి పెళ్ళి సంబంధం మానుకొన్నవారి కథ మాకు తెలుసు, కాని ఇక్కడ వ్రాయం.

ఓడ పట్టిక మనిషిని ఒక్క గీతలో చెబుతుంది. ఉత్తర ప్రత్యుత్తరాల కట్టలు అలా కాదు. పీటర్‌మారిట్స్‌బర్గ్‌లోని ఇండియన్ ఇమ్మిగ్రేషన్ దస్త్రాల్లో ప్రొటెక్టరు కచేరీకి వచ్చిన, అక్కడినుంచి పోయిన లేఖలు ఉన్నాయి. ఒక అర్జీ వస్తే గుమాస్తా దానికి పై కాగితం చేర్చి, నంబరు, సంవత్సరం వేసేవాడు. ఆ పై కాగితంమీదనే ఒక అధికారి వ్రాసిన ప్రశ్న, దాని క్రింద మెజిస్ట్రేటు జవాబు, దాని క్రింద తోట యజమాని వివరణ, దాని క్రింద డాక్టరు మాట, చివర ప్రొటెక్టరు సంతకం. ఒకే కాగితంమీద అయిదారు చేతివ్రాతలు. అందరూ మర్యాదగా ఒకరికొకరు వ్రాసుకొంటారు. మన మనిషి కాగితం మాత్రం అన్నిటికంటె లోపల, మడతల్లో ఉంటుంది. తరచు అది డబ్బు పుచ్చుకొని అర్జీలు వ్రాసేవాడి చేతివ్రాత, క్రింద మన మనిషి పెట్టిన గీటు.

ఆ అర్జీ చదివేటప్పుడు జాగ్రత్త కావాలి. 'మహాప్రభువుల పాదధూళి అయిన ఈ దీన అర్జీదారు' వంటి మాటలు వస్తే మన తాత అంత దీనుడా అని కుమిలిపోనక్కరలేదు. ఆ మాటలు వ్రాతగాడివి. ప్రతి అర్జీకి అవే పెట్టేవాడు. మన మనిషి తెలుగులో చెప్పాడు. దుబాసి దాన్ని మార్చాడు. వ్రాతగాడు దానికి కోటు తొడిగాడు. అయినా కోటు క్రింద అసలు మనిషి చెయ్యి కనబడుతూనే ఉంటుంది. ఎన్ని షిల్లింగులు తగ్గించారు, ఏ వారం బియ్యం ఇవ్వలేదు, ఏ రోజు కొట్టారు, బిడ్డకు జ్వరం ఎన్ని రోజులు వంటివి వ్రాతగాడు కల్పించేవి కావు. అవి చెప్పినవాడి నోటి మాటలు. మేము అర్జీ చదివేటప్పుడు విశేషణాలను వదిలి అంకెలను పట్టుకొంటాం.

అర్జీ అసలు అక్కడికి చేరడమే ఒక సాహసం. యజమాని చీటీ లేకుండా తోట దాటరాదు. 1891 నాటి చట్టంలో ఇంకొక గమ్మత్తు ఉంది. ఒక తోటలోని కూలీలు పెద్ద గుంపుగా పని వదిలి ఫిర్యాదు చేయడానికి వెళితే, ఆ ఫిర్యాదు నిజమని తేలినా సరే, సెలవు లేకుండా వెళ్ళినందుకు శిక్ష వేయవచ్చు. కట్టల్లో ఒంటరి అర్జీలు అనేకంగా కనబడితే మనవారికి ఐకమత్యం లేదని తీర్పు చెప్పేవారు ఈ చట్టాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

కాగితం చేయగల పని ఏమిటో తెలియడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చాలు. 1894లో బాలసుందరం అనే తమిళ కూలీ, యజమాని కొట్టగా నోరు నెత్తురుతో, తలపాగా చేతపట్టుకొని గాంధీగారి దగ్గరకు వచ్చాడు. గాంధీగారు ముందుగా చేసిన పని అతణ్ణి ఒక తెల్ల డాక్టరు దగ్గరకు పంపి గాయాలకు ధ్రువపత్రం వ్రాయించడం. తరువాత మెజిస్ట్రేటు దగ్గరకు తీసుకువెళ్ళారు. చివరకు అతని ఒప్పందం మరొక యజమానికి మారింది. బాలసుందరం చెప్పిన మాటలను గాంధీగారికి తెలియజేసింది ఆయన దగ్గర పనిచేసిన తమిళ గుమాస్తా. ఆ గుమాస్తా లేకపోతే దెబ్బ ఉండేది, కాగితం ఉండేది కాదు.

మనసును ఎక్కువగా కలచేవి మాత్రం చనిపోయినవారి జీతం బాకీల కాగితాలు. కూలీ ఇక్కడ పోతే అతనికి రావలసిన కొద్ది డబ్బు ఇండియాలోని వారసులకు చేరాలి. లేఖ ఇక్కడి కచేరీనుంచి మద్రాసు వలస ఏజెంటుకు, ఆయననుంచి జిల్లా కలెక్టరుకు, అక్కడినుంచి తాలూకాకు, చివరకు గ్రామ కరణానికి పోవాలి. మన ఊళ్ళలో ఒక తల్లికి కొడుకు పోయిన కబురు ఆ విధంగా కొన్ని షిల్లింగులతో కలిసి కచేరీ భాషలో చేరి ఉంటుంది. ఊరి పేరు తప్పుగా వ్రాసి ఉంటే అదీ చేరదు. పైన మేము గుమాస్తా అక్షరాలను గురించి అంతగా చెప్పడం వట్టి పంతులు పట్టింపు కాదు.

కచేరీ కాగితాల్లో తెలుగు అక్షరం అరుదు. అది కావాలంటే మళ్ళీ పెట్టె దగ్గరకే రావాలి. దేశంనుంచి వచ్చిన ఉత్తరాలు అక్కడే ఉన్నాయి, ఉంటే. ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

1990 దాటిన రోజులు. మేము కొత్తగా ఉద్యోగంలో చేరాం. సాయంత్రం తెలుగు బడిలో పెద్ద తరగతి పూర్తిచేసి, పద్యాలు అప్పజెప్పి, బహుమతి కూడా పుచ్చుకొన్నాం. మా వీధిలో ఒక మామ్మగారు ఉండేవారు. ఒక ఆదివారం ఆమె కబురు పెట్టి, పెట్టె తెరిచి, నాలుగు మడతల కాగితం ఒకటి చేతికిచ్చారు. "బాబూ, నువ్వు తెలుగు చదివావు కదా. ఇది మా నాయనకు వాళ్ళన్న రాసిందట. ఏం రాశాడో చెప్పు నాయనా. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇది పెట్టెలోనే ఉంది" అన్నారు.

మేము విప్పి చూశాం. ఒక్క అక్షరం తెలియలేదు. మేము నేర్చుకొన్నది అచ్చు తెలుగు. అక్షరం అక్షరం విడివిడిగా, గుండ్రంగా, గీత గీసిన పుస్తకంలో. అది గొలుసుకట్టు వ్రాత. కలం ఎత్తకుండా, ఒక అక్షరం తోకను మరొక అక్షరం తలకు తగిలించి, పంక్తి అంతా ఒక గొలుసులా లాగిన వ్రాత. కరణాలు, పాతకాలపు చదువరులు అలాగే వ్రాసేవారు. సిగ్గువేసి, "మామ్మా, సిరా వెలిసిపోయింది, కనబడటంలేదు" అన్నాం. అది అబద్ధం. సిరా బాగానే ఉంది. ఆమె ఏమీ అనకుండా కాగితం మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టుకొన్నారు. రెండేళ్ళకు ఆమె పోయారు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు పెట్టె ఎవరికి పోయిందో, కాగితం ఎక్కడికి పోయిందో తెలియదు. మేము అడిగేనాటికి ఆలస్యమైంది.

గొలుసుకట్టు చదవడం అసాధ్యమేమీ కాదు. కొన్నేళ్ళ తరువాత విశాఖపట్నంనుంచి తన కూతురి ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన మా బడికి వచ్చి నాలుగు పాఠాలు చెప్పారు. ఆయన చెప్పిన కిటుకు ఇది. ఉత్తరం మధ్యలో మొదలుపెట్టకూడదు. పాత ఉత్తరానికి మొదలూ చివరా ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటాయి. 'శ్రీ'తో మొదలవుతుంది. పెద్దవారికి వ్రాస్తే 'మ. రా. శ్రీ' అని మూడక్షరాలు వస్తాయి. అది మహారాజశ్రీ. చిన్నవారికైతే 'చి'. తరువాత 'ఉభయకుశలోపరి'. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ క్షేమం వ్రాయించవలెను అనే ధోరణి. ఈ మాటలు ఉంటాయని ముందే తెలుసు కాబట్టి వాటిలో ఆ వ్రాతగాడు 'శ' ఎలా తిప్పాడో, 'క్ష' ఎలా మడిచాడో చూసుకోవాలి. అదే అక్షరమాల. దానితో లోపలికి పోవాలి.

తేదీ చదవడం కూడా ఒక విద్య. ఇంగ్లీషు సంవత్సరం లేకుండా 'శార్వరి నామ సంవత్సరం' అని మాత్రమే ఉండవచ్చు. అరవై పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. 2020 ఉగాదినుంచి నడిచినది శార్వరి. అరవై వెనక్కు పోతే 1960, మరొక అరవై పోతే 1900. ఒప్పందపు కూలీకి వచ్చిన ఉత్తరమైతే 1900 ఉగాదికీ 1901 ఉగాదికీ మధ్యదని తేలిపోతుంది. ట్రూరో వచ్చిన 1860 రౌద్రి సంవత్సరం. అంకెలు కూడా తెలుగు అంకెలే కావచ్చు. మన పిల్లలు ఉగాది పంచాంగశ్రవణంలో మాత్రమే వినే ఆ అరవై పేర్ల పట్టిక బడి గోడమీద వ్రేలాడదీసి ఉంచాం. అది అలంకారం కాదు, పనిముట్టు.

పెట్టె కాగితాలు ఉన్నవారికి మా మనవి. వాటికి ప్లాస్టిక్ అంటించవద్దు, టేపు వేయవద్దు. మడత దగ్గర చిరుగుతుంటే మడత విప్పి, చదునుగా, మంచి తెల్లకాగితాల మధ్య పెట్టండి. ఎండలో ఫోటో తీయవద్దు, నీడలో తీయండి. వెనుకవైపు కూడా తీయండి. మనవారు వెనుకవైపున చీటీ లెక్కలూ, బిడ్డల పుట్టిన గడియలూ వ్రాయించుకొన్నారు. అసలు కాగితం ఎవరికీ ఇవ్వనక్కరలేదు. నకలు ఒకటి బయట ఉంటే చాలు.

పోయిన నెల ఒక కుటుంబం స్టాంగర్, అంటే నేటి క్వాడుకూజా, నుంచి ఒక ఉత్తరం నకలు తెచ్చి ఇచ్చింది. ప్రతి శనివారం పెద్ద తరగతిలో నలుగురం కలిసి దాన్ని చదువుతున్నాం. మొదటి వారం 'చి'తోపాటు పేరు దొరికింది. రెండవ వారం సంవత్సరం దొరికింది. తమ్ముణ్ణి డబ్బు పంపమనలేదు అన్న. ఇంట్లో ఏదో అమ్మి తల్లి వైద్యం చేయించామని, అప్పు తీరిందని, నువ్వు దిగులు పడవద్దని వ్రాశాడు. అమ్మినది ఏమిటన్నదే తేలడం లేదు. మొదటి అక్షరంమీద ఏత్వమో దీర్ఘమో గొలుసులో కలిసిపోయింది. తరగతిలో ఇద్దరు గేదె అంటున్నారు, ఇద్దరు గాదె అంటున్నారు. వచ్చే శనివారం పెద్ద అద్దం తెచ్చుకొని మళ్ళీ చూస్తాం.